బతుకమ్మ పండుగకు దుఃఖంలో ఉన్న అక్కకు, అప్పుల్లో ఉన్న బాపుకు తోడుగా ఎట్లా ఉండాలి?

ప్రశ్న అడిగిన తమ్ముడిది పరకాల దగ్గరి ఊరు, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఏప్రిల్ చివర్లో బావ బైక్ మీద వస్తుంటే లారీ గుద్ది చనిపోయాడు. అక్క తొమ్మిదేళ్ల బిడ్డను, అయిదేళ్ల కొడుకును తీసుకుని తల్లిగారింటికి వచ్చేసింది. నిరుడు వాడకట్టులో బతుకమ్మ పాట ఎత్తుకున్నది ఆమే. ఈసారి "తీసుకపోదాం, మనసు మళ్లుతది" అని అమ్మ అంటోంది. "ఏడాది తిరగంది ఎట్ల ఆడుతది" అని మేనత్త అంటోంది. బాపు కౌలుకు పత్తి పెట్టాడు, మీద అప్పుంది, ఈ మధ్య ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదు. బావ పోయాక చేయాల్సిన కాగితాల పనులు సగంలో ఆగి ఉన్నాయి. తనకు దొరికే సెలవు నాలుగైదు రోజులే, ఏం చేయమంటారని అడిగాడు.

తమ్ముడూ, నేను హనుమకొండలో చాలా ఏళ్లుగా కౌన్సెలింగ్ చేస్తున్నదాన్ని. పెత్రమాస (పెద్దల అమావాస్య) దగ్గర పడుతుంటే మాకు ఇట్లాంటి ఫోన్లు ఎక్కువవుతాయి. ముందు అమ్మ మాటా, మేనత్త మాటా రెండూ పక్కన పెట్టు. ఆడాలా వద్దా అన్నది అక్క తేల్చుకోవాల్సిన ముచ్చట, మీరు తేల్చేది కాదు. మీ పని వేరే ఉంది. ఈ పది రోజుల్లో ఆమెకు ఏ గంట కష్టంగా ఉంటుందో ముందే కనుక్కుని, ఆ గంటకు పక్కన ఒక మనిషి ఉండేలా చూడటం. పండుగ పొడుగునా ఒకే తీరుగా బాధ ఉండదు. కొన్ని ఘడియలుంటాయి, అవే మనిషిని కుంగదీస్తాయి.

మొదటిది పెత్రమాస రోజే వస్తుంది. మన దగ్గర పొద్దున పెద్దలకు బియ్యం, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. ఐగారికి బియ్యం, కూరగాయలు ఇచ్చేటప్పుడు పోయినవాళ్ల పేర్లు చెబుతారు. ఏడాది తిరగనివాళ్ల పేరు చెప్పాలా వద్దా అన్నది ఒక్కో ఇంట్లో ఒక్కో పద్ధతి. బావ పేరు మీద ఇచ్చేదుంటే అది వాళ్ల ఇంట్లో, అంటే అక్క అత్తగారింట్లో జరుగుతుంది. ఆమెకు అక్కడికి పోవాలని ఉందేమో, ఉన్నా నోరు తెరిచి అడగలేకపోతోందేమో. ఫోన్‌లోనే అడుగు: "అక్కా, పెత్రమాసకు అత్తగారింటికి పోయొస్తవా? నేను తీసుకపోతా." పోనంటే బలవంతం వద్దు. ఏం జరగబోతోందో ఆమెకు ముందు రోజే తెలిసి ఉండాలి, అంతే. తెలియకుండా తీసుకుపోయి నలుగురి మధ్యలో కూర్చోబెట్టడం మాత్రం మంచిది కాదు.

రెండోది రోజూ సాయంత్రం మైకులో పాటలు మొదలయ్యే వేళ. ఇంట్లో తలుపేసుకుని కూర్చున్నా ఆ పాట వినబడుతుంది. నిరుడు తాను ఎత్తుకున్న పాటే అయితే ఇంకా కష్టం. ఆ గంటలో అమ్మ, వదినలు, పిల్లలు అందరూ బయటికి పోతే ఇంట్లో అక్క ఒక్కతే మిగులుతుంది. వంతులు పెట్టుకోండి. ఈ రోజు అమ్మ ఆగుతుంది, రేపు చిన్నమ్మ ఆగుతుంది అన్నట్టు. ఆగినవాళ్లు పెద్దగా ఓదార్చాల్సిన పని లేదు. టీ పెట్టుకుని తాగండి, బియ్యం ఏరుకోండి, టీవీ చూడండి. "నా వల్ల నీ పండుగ పాడైంది" అని అక్క అనవచ్చు. "నాకూ కాళ్లు గుంజుతున్నయ్, ఇంట్లనే ఉంటా" అంటే చాలు.

ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు ఎవరూ ఆడరు. గౌరమ్మకే ఒక రోజు అలగడానికి సెలవిచ్చిన పండుగ ఇది, మీ అక్కకు ఈ ఒక్క ఏడాది ఇవ్వలేమా అని మీ మేనత్తనూ అమ్మనూ ఇద్దరినీ అడగవచ్చు నువ్వు. నీ సెలవు ఆ రోజు నుంచి పడేలా చూసుకో. అప్పటికి ఊళ్లో హడావుడి ఇంకా ముదరదు, సాయంత్రం ఖాళీగా దొరుకుతుంది.

ఎదురుగా కూర్చుని "ఎట్లున్నవ్ అక్కా" అని అడిగితే "మంచిగనే ఉన్న" అంటుంది. అక్కడికి మాట ఆగిపోతుంది. చివరి రోజు సద్దుల బతుకమ్మకు గునుగు పూలు రంగుల్లో ముంచే పని పెట్టుకో. గునుగు, తంగేడు తేవడానికి పిల్లలిద్దరినీ నువ్వే చెలకల్లోకి తీసుకపో. గిన్నెల్లో రంగు కలిపి, గునుగు కొసలు కోసి, కట్టలు కట్టి, ముంచి ఆరబెట్టడానికి గంటకు పైగా పడుతుంది. వేళ్లు గులాబీ రంగు, ఆకుపచ్చ రంగు అయిపోతాయి. ఆ పనిలో ఎవరూ ఎవరి ముఖమూ చూడరు, అందుకని మాట తనంతట తనే వస్తుంది. బావ ముచ్చట నువ్వే తియ్యి. "బావ నిరుడు తంగేడు కోసం ఎంత దూరం పోయిండో గుర్తుందా" అను. పేరు తీస్తే ఏడుస్తుందని అందరూ భయపడి, ఆర్నెల్లకే ఆ మనిషి పేరు ఇంట్లో వినబడకుండా చేస్తారు. ఏడిస్తే ఏడవనీ. కొంగు అందించి, చేస్తున్న పని చేస్తూ ఉండు.

ఇక సద్దుల బతుకమ్మ. అక్క పోదలుచుకుంటే చివరి అరగంటకే పోవచ్చు, దూరంగా కూర్చోవచ్చు, మధ్యలో లేచి రావచ్చు. ఇవన్నీ ముందే చెప్పి ఉంచు. "ఎప్పుడంటే అప్పుడు వచ్చేద్దాం, బండి బయటనే పెడత" అన్న ఒక్క మాటతో చాలామందికి టెన్షన్ సగం తగ్గుతుంది. అన్నింటికన్నా కష్టమైనది ఆట అయిపోయాక వచ్చే ఘడియ. బతుకమ్మను నీళ్లలో వదిలాక గౌరమ్మ పసుపు తీసి ఒకరికొకరు పెట్టుకుంటారు, పుస్తెలకు అద్దుకుంటారు, వాయినాలు ఇచ్చుకుంటారు. భర్త పోయిన మనిషి ఆ చోట ఎట్లా నిలబడాలో తెలియక పక్కకు జరుగుతుంది.

కాజీపేట వైపు ఒక వాడకట్టులో చూశాను. అట్లాంటి అమ్మాయి ఒకామె గోడ వారగా బిడ్డను పట్టుకుని నిలబడింది. వాడకట్టు అంతా గౌరవించే పెద్దావిడ పసుపు తీసుకుని అందరికన్నా ముందు ఆమె దగ్గరికే వచ్చింది. అరచేతిలో పసుపు చూపించి "పెట్టుకుంటవా బిడ్డా?" అని అడిగింది. ఆ అమ్మాయి వద్దన్నట్టు తల ఊపింది. పెద్దావిడ ఆ పసుపు చిన్నపిల్ల బుగ్గలకు రాసి, తల్లి చేతిలో మలీద ముద్ద పెట్టి, మిగతావాళ్లు పసుపు పంచుకుంటున్నంతసేపు ఆమె పక్కనే నిలబడింది. పెట్టుకో అనలేదు, ముట్టుకోవద్దు అనలేదు, అడిగింది. మీ వాడకట్టులోనూ అట్లాంటి ఒక పెద్దమనిషి ఉంటుంది. అమ్మను పంపించి ఆమెతో రెండు రోజుల ముందే మాట్లాడించు. భర్త పోయిన ఆడమనిషి పసుపు ముట్టొద్దన్న కట్టుబాటు నాకు సుతరామూ నచ్చదు. కానీ దాన్ని తెంపే పని మీ అక్క నెత్తిన పెట్టి, మొదటి ఏడాదే నలుగురి ముందు చేయించకండి. ఆమెకే తెంపాలనిపిస్తే మాత్రం వెనక నిలబడండి.

పిల్లల గురించి కొంచెం. దసరా సెలవులు దాదాపు రెండు వారాలు. బడి ఉంటే ఆ పూట గడిచిపోయేది, ఇప్పుడు పొద్దంతా ఇంట్లోనే. అయిదేళ్లవాడు "డాడీ పండుగకు వస్తడా" అని అడిగి ఉంటాడు, లేకపోతే అడుగుతాడు. ఊరికి పోయిండు, దేవుని దగ్గర పడుకున్నడు అనొద్దు. వాడు ఎదురుచూస్తూ కూర్చుంటాడు, కొందరు పిల్లలు పడుకోవడానికే భయపడతారు. "డాడీ చనిపోయిండు, మళ్ల రాడు, మేమందరం ఉన్నం" అని మామూలు మాటల్లో చెప్పు. వాడు మళ్లీ మళ్లీ అడుగుతాడు, మళ్లీ మళ్లీ అదే చెప్పాలి. బిడ్డకు ఆడాలని ఉంటే కొత్త గౌను వేసి వదిన వెంట పంపించండి. పిల్ల నవ్వితే "తండ్రి పోయి ఆర్నెల్లు కాలె, చూడు" అనే నోరు ఒకటి ఎక్కడో ఉంటుంది. ఆ నోటికి జవాబు నువ్వు చెప్పు, పిల్ల దాకా రానివ్వకు.

అక్కతో అనకూడనివి నీకు తెలిసే ఉంటాయి, అయినా అనేస్తాం కాబట్టి రాస్తున్నా. "రాసిపెట్టి ఉంది." "నువ్వే ఏడిస్తే పిల్లలేం గావాలె." "నయం, నీకు తల్లిగారిల్లన్నా ఉంది." "ఏం అవసరమున్నా ఫోన్ చెయ్" అన్నది కూడా పెద్దగా పనికిరాదు, అవసరమున్న మనిషి ఫోన్ చేయదు. "గురువారం పొద్దున పది గంటలకు వస్త, తహసీల్ ఆఫీసుకు పోదాం" అను.

ఆ మాటతో కాగితాల దగ్గరికి వస్తున్నా. దుఃఖం సంగతి అడిగితే కాగితాల గురించి చెబుతుందేమిటి అనుకోవద్దు. ఇంట్లో నెలల తరబడి సగంలో ఆగిన కాగితాలున్నాయని నువ్వే రాశావు. రాత్రి నిద్ర పట్టనివ్వని వాటిలో అవీ ఉంటాయి, వాటిని తీసేయడం నీ చేతిలో పని. అన్నిటికన్నా తొందరది ప్రమాద నష్టపరిహారం. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ వేయాలి. ఈ నిబంధన 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఏప్రిల్ చివర్లో ప్రమాదమంటే గడువు అక్టోబర్ చివరికి పడుతుంది, మధ్యలో కోర్టుకు దసరా సెలవులు. పండుగ దాకా ఆగకుండా ఈ వారమే వకీలును కలవండి. ఏ కారణం చేతనైనా తేదీ దాటిపోయినా వకీలును అడగకుండా ఆశ వదులుకోవద్దు. ఫీజుకు డబ్బుల్లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోండి. ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకు అక్కడ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. ఫోన్ నంబర్ 15100.

బావ పేరు మీద పట్టా పాస్‌బుక్ ఉండి రైతు బీమాలో పేరుంటే, ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షలు వస్తాయి. ఆ క్లెయిమ్ మీ క్లస్టర్ ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) పెట్టాలి. డెత్ సర్టిఫికెట్, నామినీ ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్ ఇచ్చి, పెట్టారో లేదో కనుక్కో. ఇల్లు నడిపే మనిషి పోయిన పేద కుటుంబానికి జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద ఒక్కసారి 20,000 ఇస్తారు, దానికి తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు. వితంతు పింఛన్ వేరే. ఇవన్నీ అక్కను తిప్పి చేయించొద్దు. సంతకాలకు మాత్రం తీసుకపో, మిగతా లైన్లలో నువ్వు నిలబడు.

ఇప్పుడు బాపు. నిజం చెప్పాలంటే, నీ ప్రశ్న చదివినప్పుడు నాకు అక్క కన్నా బాపు గురించే ఎక్కువ గుబులైంది. అక్క ఏడుస్తోంది, చుట్టూ మనుషులున్నారు. బాపు మాట్లాడటం లేదు, ఎవరూ అడగటం లేదు. అల్లుడు పోయాడు, బిడ్డ ఇంటికొచ్చింది, కౌలు కట్టాలి, దసరాకు అందరికీ బట్టలు తేవాలి. సరిగ్గా పత్తి మొదటి ఏరుడు చేతికొచ్చే ముందు ఈ పండుగ వస్తుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్ పండుగకు బంద్ ఉంటుంది. తేమ 12 శాతం దాటిన పత్తిని సీసీఐ (ప్రభుత్వ పత్తి సంస్థ) కొనదు. దాంతో పండుగ ఖర్చుకని పచ్చి పత్తినే ఊళ్లో దళారికి అడ్డికి పావుశేరు అమ్ముకుంటారు. నువ్వు చేయగలిగిన పెద్ద సాయం ఇదే కావచ్చు. పండుగ ఖర్చు డబ్బులు ఇప్పుడే పంపించి, "బాపూ, పత్తి ఆరినంకనే అమ్ముదాం, తొందర లేదు" అని చెప్పు. పంపేది తక్కువైతే బట్టలు తగ్గించండి. ఏడాది తిరగని ఇంట్లో ఈసారి బట్టలు తేలేదని అనేవాళ్లు ఎవరూ ఉండరు.

అప్పు ఎంతో అడగడం పండుగ రోజు వద్దు, తాగి ఉన్నప్పుడు అసలే వద్దు. పొద్దున చేను దగ్గరికి బాపు వెంట నువ్వూ పో. తర్వాత ఒక నోట్‌బుక్‌లో ఎవరికెంత, మిత్తి ఎంత, గడువెప్పుడు అని రాయించు. నూటికి మూడు రూపాయల మిత్తి అంటే లక్షకు నెలకు 3,000, ఏడాదికి 36,000. తలలో తిరిగేటప్పుడు కొండంత కనబడే అప్పు కాగితం మీద పెడితే కొంత పట్టుకు వస్తుంది. తగ్గదు, కానీ ఏది ముందు కట్టాలో తెలుస్తుంది. ఎక్కువ మిత్తిది, ఇంటి మీదికొచ్చి అడిగేది ముందు.

ఒక్క ప్రశ్న మాత్రం తప్పించుకోకుండా అడుగు. నిద్ర లేకపోవడం, తిండి తగ్గడం, తాగుడు పెరగడం, "నేనుంటే ఎంత లేకుంటే ఎంత" అనడం, లెక్కలన్నీ ఒక్కసారిగా అప్పజెప్పడం, ఇట్లాంటివి కనబడితే సూటిగా అడుగు: "బాపూ, సచ్చిపోవాలె అన్న ఆలోచన వస్తుందా?" అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని అందరికీ భయం. అట్లా పుట్టదు. చాలామంది అడిగినందుకు ఊపిరి పీల్చుకుంటారు. అవునంటే తిట్టొద్దు, ఒట్టు వేయించుకోవద్దు, మనుమల పేరు చెప్పి కట్టడి చేయొద్దు. విను, ఒంటరిగా వదలకు, డాక్టర్ దగ్గరికి తీసుకపో. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. పండుగ సెలవు రోజు ఓపీ ఉండకపోయినా క్యాజువాల్టీ తెరిచే ఉంటుంది. 14416 టెలి మానస్ నంబర్. 2022 అక్టోబర్‌లో మొదలైంది, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. బాపు మాట్లాడనంటే నువ్వే చేసి, ఇట్లాంటి మనిషితో ఎట్లా మాట్లాడాలో అడగవచ్చు.

అవునన్నా, లేదన్నా ఒక పని చెయ్యి. పురుగుల మందు, గడ్డి మందు డబ్బాలు ఇంట్లో ఉంచకు. ఖాళీ డబ్బాలు పారేయాలి, మిగిలినవి వేరేవాళ్ల ఇంట్లో తాళం వేసి పెట్టాలి, తాళం చెవి బాపు దగ్గర ఉండొద్దు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఆ పేరు మీద చేస్తే ఎవరికీ నొప్పి కలగదు. ఎవరైనా ఆ పురుగుల మందు తాగారని అనుమానమొస్తే 108కి ఫోన్ చేయాలి. వాంతి చేయించొద్దు, ఉప్పునీళ్లు, చింతపండు రసం ఏవీ పట్టొద్దు, డబ్బా వెంట తీసుకుపోవాలి. మనిషి మామూలుగా కనబడినా ఆసుపత్రికి పోవాల్సిందే. పోలీసు కేసవుతుందని దాచి ప్రాణం మీదికి తెచ్చుకునేవాళ్లున్నారు. ఆసుపత్రి నుంచి పోలీసులకు సమాచారం పోవచ్చు. కానీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆ మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలి, శిక్షించడానికి లేదు.

దసరా అంటే మటన్, మందు ఎట్లాగూ ఉంటాయి. ఆ రోజు ఇంటికి సీసా తెచ్చే చుట్టాలకు ముందే ఫోన్ చేసి వద్దని చెప్పు, మొహమాటపడకు. కానీ బాపు రోజూ తాగే మనిషైతే పండుగ పేరు చెప్పి ఒక్కసారిగా మాన్పించొద్దు. రెండు మూడు రోజుల్లో వణుకు, చెమటలు, తికమక, ఫిట్స్ దాకా రావచ్చు. మానడం డాక్టర్ చూస్తుండగా జరగాలి.

జమ్మి పెట్టడానికి వచ్చేవాళ్లంతా వచ్చిపోయాక, నువ్వు బస్సెక్కాక మొదలయ్యే రోజులను మర్చిపోవద్దు. పండుగకు వచ్చిన పదిమందీ పోయి ఇల్లు ఖాళీ అవుతుంది, పిల్లలు బడికి పోతారు. ఆ వారం రోజూ ఒక టైమ్ పెట్టుకుని ఫోన్ చెయ్, అక్కకు వేరే, బాపుకు వేరే. ఊళ్లో బాపు మాట వినే దోస్తు ఒకరిని రోజూ చాయ్‌కి పిలవమను. మళ్లీ ఇరవై రోజులకు దీపావళి, అప్పుడు రాలేకపోతే ఆ మాట ఇప్పుడే చెప్పి ఎవరు వస్తారో కూడా ఇప్పుడే చూసి పెట్టు. బావ పోయింది నీకు కూడా. ఇదంతా ఒక్కడివే నెత్తిన వేసుకోకుండా సగం పనులు మీ చిన్నాన్న కొడుకులకు పంచు, లైన్లలో నిలబడటానికి వాళ్లూ పనికొస్తారు.

లారీ కేసు ఎఫ్ఐఆర్ కాపీ మీ దగ్గర ఉందో లేదో ఈ రోజే చూసుకో, వకీలు మొదట అడిగేది అదే. లేకపోతే ఏ పోలీస్ స్టేషన్ పరిధిలో జరిగిందో రాయి, ఎట్లా తీసుకోవాలో చెబుతా.